చిన్న స్కూటరుకు క్రొత్త క్లచ్చి, క్రొత్త షాకబ్జార్బరు

మన ఇండ్లలో స్కూటరు ఒకరి సొత్తు కాదు. ఉదయం కుమారుడు కళాశాలకు తీసుకొని పోతాడు. పది గంటలకు ఇల్లాలు బ్యాంకు పనికో, కూరగాయల బజారుకో తీసుకొని పోతుంది. సాయంకాలం గృహస్థు వృద్ధురాలైన తల్లిని వెనుక సీటు మీద కూర్చుండబెట్టుకొని వైద్యుని వద్దకు బయలుదేరుతాడు. ఇట్టి బండికి వారిలో ఒకరు తన ముచ్చట కొద్దీ విడిభాగాలు మార్పించినప్పుడు, ఆ మార్పు ఫలితాన్ని ఇంటిల్లిపాదీ అనుభవించవలసి వస్తుంది.

మా ఇంట జరిగినది ఇదే. మాతో ఉండి చదువుకొంటున్న మా మేనల్లుడు, గేర్లు లేని మా 110 సి.సి. స్కూటరుకు పికప్పు చాలలేదని, క్లచ్చిలో గట్టి స్ప్రింగులు, వెనుక చక్రానికి పొడవైన క్రొత్త షాకబ్జార్బరు వేయించుకొని వచ్చాడు. వారం దినాలు అతని సంతోషానికి మేర లేదు. ఎనిమిదవ నాడు నేను మా అమ్మను ఎక్కించుకొని పోతూ ఉండగా, ఒక స్పీడు బ్రేకరు మీద ఆమె సీటు నుంచి ఎగిరి మరల సీటు మీదనే పడినది. క్రింద పడలేదు, అంతవరకు అదృష్టం. కాని నడుము నొప్పితో పది దినాలు మంచం దిగలేదు. మేనల్లుని మందలించడం తేలికే. అతడు వేయించిన వస్తువులు బండిలో ఏమి చేస్తున్నవో తెలుసుకోవడం అంత తేలిక కాదు. అందుకై కొన్ని ఆదివారాలు విజయవాడ ఆటోనగరులో ఒక మెకానిక్కు ప్రక్కన ముక్కాలిపీట వేసుకొని కూర్చున్నాను.

పాత చేతక్ స్కూటరు నడిపినవారికి క్లచ్చి అంటే ఎడమ చేతి పిడి. అది నొక్కితే నూనెలో మునిగి ఉన్న పలకలు విడిపోతాయి, వదిలితే కలిసికొంటాయి. 1980ల దశకంలో కైనెటిక్ హోండాతోను, 2001లో యాక్టివాతోను మన వీథులలో వ్యాపించిన గేర్లు లేని స్కూటరులో ఆ పిడి లేదు. అందువల్ల క్లచ్చియే లేదని అనేకులు అనుకొంటారు. ఉన్నది. ఇంజను తిరుగుడును ఒక రబ్బరు బెల్టు వెనుకకు మోసుకొని వస్తుంది. ఆ వెనుక కొనలో మూడు క్లచ్చి షూలు, వాని చుట్టూ ఒక ఇనుప గిన్నె ఉంటాయి. ఈ గిన్నెనే మెకానిక్కులు బెల్ అంటారు. గిన్నె తిరిగితేనే చక్రం తిరుగుతుంది.

ఆడపిల్లలు ఒప్పులకుప్ప ఆడేటప్పుడు చూడండి. మెల్లగా తిరుగుతున్నంత సేపు చేతుల పట్టు చాలుతుంది. వేగం హెచ్చిన కొలది ఇద్దరినీ ఏదో బయటికి లాగుతున్నట్లు ఉంటుంది. క్లచ్చి షూల పని కూడ ఇంతే. వానిని లోపలికి పట్టి ఉంచే చేతులు మూడు చిన్న స్ప్రింగులు. ఇంజను నిదానంగా తిరుగుతూ ఉంటే స్ప్రింగులదే పైచేయి. షూలు గిన్నెను తాకవు, బండి కదలదు. యాక్సిలరేటరు తిప్పగానే షూలు బయటికి విచ్చుకొని గిన్నెను ఒరసికొంటాయి, కొంత జారుతాయి, ఆపైన గట్టిగా పట్టుకొంటాయి.

ఇక్కడ ఒక లెక్క ఉన్నది. తిరుగుడు వేగం రెండింతలైతే బయటికి లాగే బలం నాలుగింతలు అవుతుంది. కనుక స్ప్రింగుల బలాన్ని నూటికి 20 వంతులు పెంచితే, షూలు విచ్చుకొనే వేగం సుమారు 10 వంతులే పెరుగుతుంది. నిమిషానికి 3,000 చుట్ల వద్ద అంటుకొనే క్లచ్చి ఇప్పుడు 3,300 వద్ద అంటుకొంటుంది. అనగా బండి కదిలే వేళకు ఇంజను మరికొంత ఊపు మీద ఉంటుంది. అందువల్ల మొదటి నాలుగు గజాలు ఎగిరి దూకినట్లు తోస్తుంది. మా మేనల్లుడు పికప్పు అని మురిసినది దీనినే. ఇంజను శక్తి వీసమెత్తు కూడ పెరగలేదు.

పందెపు బండ్లకు ఈ మార్పులో అర్థం ఉన్నది. వాని ఇంజనుకు క్రింది వేగాలలో బలం ఉండదు. పై వేగానికి చేరినాకనే క్లచ్చి పట్టుకోవలె. కాని బందరు రోడ్డు మీద సాయంకాలం ఆరు గంటలకు మన బండి చేసే ప్రయాణం ఎట్టిది? పది గజాలు కదలడం, ఆగడం, మరల కదలడం. గట్టి స్ప్రింగులు ఉన్న క్లచ్చి ఆ నిదానపు నడకలో పూర్తిగా పట్టుకోలేక జారుతూనే ఉంటుంది. జారుడు వేడిగా మారుతుంది. ఆ వేడికి షూల మీది పూత అద్దము వలె నునుపెక్కి పట్టు కోల్పోతుంది, ఇనుప గిన్నె నీలిరంగు తేలుతుంది, బండి కదిలేటప్పుడు గడగడ వణకుతుంది. పెట్రోలు వ్యయం చెప్పనక్కరలేదు. ఇంటి బండికి కంపెనీ స్ప్రింగులే తగినవని నా అభిప్రాయం. షూలు అరిగితే మార్చవలె. అప్పుడు కూడ అదే కొలత, అదే బలం గలవి అడిగి తీసుకోవలె.

అంగడిలో మరొక పొరపాటు జరుగుతూ ఉంటుంది. క్లచ్చి స్ప్రింగు అని అడిగితే ఒకడు ఈ మూడు చిన్న స్ప్రింగులను ఇస్తాడు, మరొకడు ముంజేయంత లావు స్ప్రింగు ఒకటి చేతిలో పెడతాడు. ఆ పెద్దది షూలకు సంబంధించినది కాదు. వెనుక కప్పీని దగ్గరికి నొక్కి, బెల్టు జారకుండ బిగువుగా ఉంచేది. రెండు పనులు వేరు. పైగా ఆ పెద్ద స్ప్రింగు ఎల్లప్పుడు నొక్కబడియే ఉంటుంది. దానిని తగిన పనిముట్టుతో అదిమి పట్టకుండ పెద్ద నట్టు విప్పితే, షూలు, పలక, నట్టు కలిసి ముఖం మీదికి ఎగురుతాయి. ఉలి, సుత్తి పెట్టి నట్టును కొట్టి విప్పే వారి చేతికి బండి ఇవ్వకండి. బిగించేటప్పుడు కూడ ఎంత బలంతో బిగించవలెనో కొలిచే రెంచి ఉన్నవాడే నమ్మదగినవాడు. లోపలి ధూళిని నోటితో ఊదరాదు, గాలి గొట్టంతో కొట్టరాదు, తడిగుడ్డతో తుడవవలె. కొన్ని పూతలలో ఆస్బెస్టాసు ఉండేది, ఆ పొడి ఊపిరితిత్తులకు శత్రువు. మరొక మాట: క్లచ్చి జారడానికి ఎల్లప్పుడు క్లచ్చియే కారణం కాదు. ప్రక్కనున్న సీలు పాడై నూనె కారి షూల మీద పడితే, ఎన్ని క్రొత్త షూలు వేసినా నెల తిరగకుండానే అదే వ్యాధి.

ఇక షాకబ్జార్బరు. మా అమ్మ నడుము కథకు మూలం ఇదే కనుక కొంత వివరంగా చెప్పవలె. దీనిలో రెండు వస్తువులు ఒకటిగా కూర్చబడి ఉన్నవి. బయట కనబడే స్ప్రింగు బరువు మోస్తుంది, గుంతలో పడిన దెబ్బను మింగుతుంది. కాని మింగిన దానిని స్ప్రింగు తనలో ఉంచుకోదు, మరల పైకి తన్నుతుంది. ఆ తన్నును అణచేది లోపలి గొట్టంలోని నూనె. అది సన్నని రంధ్రాల గుండా పోవలసి వచ్చి, ఊపును వేడిగా మార్చి హరిస్తుంది. అంగళ్లలో చవకగా దొరికే గట్టి షాకబ్జార్బర్లలో తరచుగా స్ప్రింగు బలిష్ఠం, నూనె భాగం దుర్బలం. గట్టిగా తన్నేవాడు ఉన్నాడు, పట్టి ఆపేవాడు లేడు. మా అమ్మ బరువు తక్కువ. ఆ స్ప్రింగు ఆమె బరువుకు అణగనే లేదు. పైగా వెనుక కూర్చున్నవారు దాదాపు చక్రానికి నెత్తిన ఉంటారు. నడిపేవానికి సగమే తెలిసే దెబ్బ వారికి పూర్తిగా తగులుతుంది.

దెబ్బ ఒక్కటే కాదు. చక్రం గతుకు మీద గంతులు వేస్తే అంతసేపు అది నేలను వదిలినట్లే. నేలను వదిలిన చక్రానికి బ్రేకు వేసి ప్రయోజనం లేదు. పొడవు సంగతి వేరు. షాకబ్జార్బరు రెండు సెంటీమీటర్లు పొడవైతే బండి వెనుక భాగం లేచి ముందుకు వాలుతుంది. ముందు ఫోర్కు మరింత నిట్టనిలువు అవుతుంది. వేగంగా పోతున్నప్పుడు హ్యాండిలు నిలకడ తప్పి చీటికిమాటికి అటూ ఇటూ తిరుగజూస్తుంది. హెడ్‌లైటు వెలుగు దగ్గరనే నేల మీద పడుతుంది. సీటు లేచినందువల్ల సిగ్నలు వద్ద మా ఇల్లాలి కాళ్లు నేలకు సరిగా ఆనలేదు. ఈ సంగతి ఆమె మొదటి దినమే చెప్పినది, మేము వినిపించుకోలేదు.

క్రింది బోల్టును కూడ చూడవలె. ఇట్టి స్కూటర్లు అనేకంలో వెనుక షాకబ్జార్బరు ఒక్క ప్రక్కనే ఉంటుంది. బండి వెనుక బరువంతా ఆ ఒక్క బోల్టు మీదనే ఆధారపడినది. క్రొత్తదాని బుష్షు రంధ్రం 10 మిల్లీమీటర్లు, బండి బోల్టు 8 మిల్లీమీటర్లు అయితే, మధ్య రేకు చుట్టి బిగించే మహానుభావులు ఉన్నారు. ఆ రేకు నలిగిన నాడు బోల్టు కూడ నలుగుతుంది.

క్రింది రింగు తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని నేను కూడ నమ్మేవాడిని. గట్టిపడదు. సమంగా చుట్టిన స్ప్రింగు 20 కిలోలకు ఒక సెంటీమీటరు అణగేది అయితే, రింగు ఎక్కడ ఉన్నా ఆపైన వేసిన ప్రతి 20 కిలోలకు మరొక సెంటీమీటరే అణగుతుంది. రింగు మార్చేది బండి నిలిచే ఎత్తును మాత్రమే. ఇద్దరు ఎక్కినప్పుడు బండి మరీ క్రుంగకుండ చూడడానికి అది ఉపయోగం.

ఆ ఎత్తు సరిగా ఉన్నదో లేదో ఇంటిలోనే కొలుచుకోవచ్చు. స్టాండు వేసి కొలిస్తే లెక్క తప్పుతుంది. స్టాండు ఇంజనుకే అమర్చిన బండ్లలో పైభాగం బరువు అప్పుడు కూడ స్ప్రింగు మీదనే ఉంటుంది. ఒకరు వెనుక పిడి పట్టుకొని చక్రం నేల విడవబోయే దాకా ఎత్తవలె. ఇరుసు నడుమ నుంచి సీటు క్రింద పెట్టుకొన్న గుర్తు దాకా కొలవవలె. తరువాత ఎప్పుడూ నడిపేవారు కూర్చుండగా మరల కొలవవలె. చక్రం మొత్తం 8 సెంటీమీటర్లు కదలగలదనుకొంటే, ఈ రెండు కొలతల భేదం 2 మొదలు రెండున్నర సెంటీమీటర్లు ఉండవలె. మా బండికి క్రొత్త షాకబ్జార్బరుతో ఆ భేదం అర సెంటీమీటరు! నూనె సంగతి తెలియవలెనంటే సీటును గట్టిగా అదిమి వదలండి. లేచి నిలిస్తే మంచిది. రెండు మూడు మార్లు ఊగితే నూనె భాగం పోయినట్లే. కడ్డీ మీద నూనె తడి కనబడినా అంతే.

చట్టం మాట కూడ ఒకటి ఉన్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు నిర్మాత మొదట నిర్దేశించిన వానికి భిన్నమయ్యేటట్లు బండిని మార్చరాదు. 2019 సవరణలో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని విధించవచ్చునని చేర్చినారు. అరిగిన భాగానికి బదులు అదే కొలత గల భాగం వేయించుకోవడం వేరు, బండి స్వరూపాన్నే మార్చడం వేరు.

మా మేనల్లుడు పాత స్ప్రింగులను ఒక అగ్గిపెట్టెలో పెట్టి దాచినాడు, అది అతని మంచి బుద్ధి. వానిని మరల వేయించడానికి, మొదటి పొడవే గల క్రొత్త షాకబ్జార్బరు బిగించడానికి ఒక పూట పట్టినది. పొడవైనదానిని అంగడివాడు సగం ధరకు తిరిగి తీసుకొన్నాడు. మా అమ్మ మాత్రం ఇప్పటికీ ఆటో పిలవమంటుంది.