కాళ్ళ నరాలు ఉబ్బితే

నాట్లు వేసే ఆడవాళ్ళు పొద్దంతా నిలబడే ఉంటారు. బట్టల షాపులో, హోటల్లో పనిచేసే వాళ్ళదీ అదే పరిస్థితి. సాయంత్రానికి కాళ్ళు బరువెక్కుతాయి. పాదాలు వాస్తాయి. రాత్రి పిక్కలు పట్టేస్తాయి. కొందరికి పిక్కల మీద నరాలు నీలంగా, మెలికలు తిరిగి ఉబ్బుతాయి. డాక్టర్లు దీన్ని వెరికోస్ వెయిన్స్ అంటారు.

"కష్టం చేసే ఒళ్ళు, నొప్పులు మామూలే" అని చాలామంది ఊరుకుంటారు. చీర కింద కనపడదు కదా అని దాచుకుంటారు. ఏళ్ళ తరబడి దాచుకుంటే చర్మం నల్లబడుతుంది. దురద పెడుతుంది. చివరికి మానని పుండు పడవచ్చు.

ఎందుకు ఉబ్బుతాయి?

అందరూ నరాలు అనే ఇవి నిజానికి రక్తనాళాలు. కాళ్ళలోని రక్తాన్ని పైకి, గుండెకు చేరుస్తాయి. వాటి లోపల చిన్న చిన్న తలుపులు ఉంటాయి. రక్తం పైకి పోయేటప్పుడు తెరుచుకుంటాయి. కిందికి జారబోతే మూసుకుంటాయి. ఈ తలుపులు పాడైతే రక్తం కిందనే నిలిచిపోతుంది. నాళం ఉబ్బుతుంది.

ఎక్కువసేపు నిలబడే వాళ్ళకు, కాన్పులు అయిన వాళ్ళకు, లావుగా ఉన్న వాళ్ళకు ఇది ఎక్కువ. తల్లికి ఉంటే బిడ్డకూ రావచ్చు. ఇది అంటురోగం కాదు. దిష్టీ కాదు.

వైద్యం ఏమిటి?

ముందు డాక్టరు డాప్లర్ స్కానింగ్ చేయిస్తారు. రక్తం ఎక్కడ వెనక్కి జారుతుందో అందులో తెలుస్తుంది. దాన్నిబట్టి వైద్యం చెబుతారు.

1. బిగుతు మేజోళ్ళు: పొద్దున లేవగానే వేసుకోవాలి. పడుకునేముందు తీసేయాలి. బరువు, వాపు తగ్గుతాయి. పాడైన తలుపు మాత్రం బాగుపడదు. ఇవి అందరికీ పనికిరావు. డాక్టరు చూసి చెప్పిన కొలతవే కొనాలి.

2. ఇంజెక్షన్: చిన్న నాళాల్లోకి మందు ఎక్కిస్తారు. నాళం మూసుకుపోతుంది.

3. లేజర్: సన్నని తీగను నాళంలోకి పంపి, వేడితో మూసేస్తారు. కాలికి మత్తు సూది ఇస్తారు. చాలామంది అదే రోజు నడిచి ఇంటికి పోతారు.

4. ఆపరేషన్: పాడైన నాళాన్ని కట్టి, తీసేస్తారు.

"నరం తీసేస్తే కాలు పడిపోదా?" అని భయపడతారు. పడిపోదు. లోపలి పెద్ద నాళాలు రక్తాన్ని మోసుకుపోతాయి. అయితే కొందరికి కొన్నేళ్ళకు వేరే చోట మళ్ళీ ఉబ్బవచ్చు.

గర్భిణులకు సాధారణంగా లేజర్, ఆపరేషన్ చేయరు. కాన్పు అయిన కొన్ని నెలలకు చాలామందికి ఉబ్బు తగ్గుతుంది.

ఇంట్లో ఏం చేయాలి?

పని మధ్యలో నాలుగు అడుగులు నడవాలి. పడుకునేటప్పుడు కాళ్ళ కింద దిండు పెట్టుకోవాలి. పుండు మీద సున్నం, ఆకుపసరు పెట్టకూడదు.

ఉబ్బిన నరం చిట్లి రక్తం కారితే వెంటనే పడుకోవాలి. కాలు పైకెత్తాలి. శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి. తర్వాత ఆసుపత్రికి పోవాలి. ఒక కాలే హఠాత్తుగా వాచి నొప్పి పెడితే, ఆయాసం వస్తే, ఒక్క పూట కూడా ఆగకూడదు. అది రక్తం గడ్డకట్టిన గుర్తు కావచ్చు.

ఖర్చుకు భయపడి ఆగవద్దు. ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోండి. ఆరోగ్య పథకం కింద వైద్యం దొరుకుతుందేమో అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి. కాళ్ళు వాచిన అక్కచెల్లెళ్ళు మీ వాడలో ఉంటే, ఈ పాఠం వాళ్ళకూ చదివి వినిపించండి.