ఏడాదికి ఒక్క దూడ

మార్చి నెల, తెల్లవారుజామున మూడు గంటలు. కెనడాలోని అల్బర్టా కొండపాదాల్లో చలి సున్నాకు ఇరవై డిగ్రీలు కింద. తొలిచూలు ఆవు గడ్డి పరిచిన కొట్టంలో ఈనింది. దూడ ఒంటి తడి ఆరేలోపే చెవుల అంచులు గడ్డకట్టడం మొదలవుతుంది. రైతు దాన్ని ఎండుగడ్డితో గరగరా రుద్ది, వేడిగాలి పెట్టెలో పడుకోబెట్టి, మురుపాలు తాగిస్తాడు. మనం జున్ను వండుకునే ఆ పాలే అక్కడ దూడకు ప్రాణం. పుట్టిన కొద్ది గంటల్లో అవి కడుపులో పడకపోతే రోగాన్ని తట్టుకునే శక్తి దానికి రాదు.

ఆవు అంటే పాడి అనుకునే మనకు ఈ సేద్యం అర్థం కావాలంటే ఒక్క మాట చాలు. ఈ మందల్లో ఆవును పితికేవాళ్లు ఉండరు. పాలన్నీ దూడకే. రైతు అమ్ముకునేది ఆ దూడనే. ఏడాదికి ఒక ఆవు, ఒక దూడ, ఒక అమ్మకం. మాంసం కోసం పశువుల్ని పెంచడం మన ఇళ్లలో కొందరికి మింగుడుపడని విషయమని తెలుసు. కానీ ఆ రైతు లెక్క మాత్రం గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు వేసుకొచ్చే రైతు లెక్కే. ఏడాది చాకిరీ ఒక్క పూటలో తేలిపోతుంది.

కాల్గరీ నుంచి దక్షిణంగా కారులో వెళ్తే రోడ్డుకు రెండు పక్కలా నల్లటి ఆంగస్ మందలు, ఎర్రటి ఒంటి మీద తెల్లటి మొహంతో హెర్‌ఫోర్డ్‌లు కనిపిస్తాయి. దేశంలో మాంసం కోసం పెంచే తల్లి ఆవులు దాదాపు 35 లక్షలుంటే, అందులో నలభై శాతానికి పైగా ఈ ఒక్క రాష్ట్రంలోనే ఉన్నాయి. చూసేవాళ్లకు అవి తీరిగ్గా మేస్తున్నట్టే ఉంటుంది. రైతుకు మాత్రం ప్రతి ఆవు వెనకా ఒక గడియారం నడుస్తూంటుంది. ఆవు 283 రోజులు మోస్తుంది. ఏటా ఒకే కాలంలో ఈనాలంటే, ఈనిన 82 రోజుల్లోపు మళ్లీ చూడి కట్టాలి. ఎద 21 రోజులకోసారి. మొదటి ఎద ఆలస్యమైతే దానికి మిగిలేది ఒకటి రెండు అవకాశాలే. పాతిక ఆవులకు ఒక ఆబోతు చొప్పున వేసవిలో రెండు నెలలు మందలో వదిలి, తర్వాత తీసేస్తారు. ఆ గడువు దాటి కట్టిన ఆవు ఆలస్యంగా ఈనుతుంది. ఆ దూడ అమ్మకం నాటికి మిగతా దూడలంత ఎదగదు.

ఆవు ఎదకు రావాలంటే ఒంట్లో కండ ఉండాలి, కండకు మేత కావాలి. ఈ పాఠాన్ని అల్బర్టా చాలా ఖరీదుకు కొనుక్కుంది. 1882లో బార్ యూ లాంటి పెద్ద పశుక్షేత్రాలు వెలిసినప్పుడు పశువులు ఏడాది పొడుగునా బీళ్లలోనే మేసేవి. 1906-07 చలికాలంలో మంచు కింద గడ్డి అందక మందలకు మందలు చచ్చాయి. ఆ తర్వాతే ఎండుగడ్డి కోసి దాచడం ప్రతి ఇంటి పనీ అయింది. ఇప్పుడైనా వాన తప్పితే ముందు తరిగేది గడ్డి నిల్వే. 2021 కరువులో మేత కొనలేక, ఏళ్ల తరబడి ఏరి కూర్చుకున్న ఆవుల్ని లారీలకెక్కించిన వాళ్లున్నారు.

అక్టోబరులో దూడల్ని తల్లుల నుంచి విడదీస్తారు. అప్పటికి అవి సుమారు 550 పౌండ్లుంటాయి. వాటిని కొనేది బలిపించే క్షేత్రాల వాళ్లు. లెత్‌బ్రిడ్జ్ చుట్టుపక్కల అలాంటివి బారులు తీరి ఉంటాయి. అక్కడ బార్లీ తిని దూడ 1,400 పౌండ్లు దాటాక కబేళాకు వెళ్తుంది. రైతు నేర్పు తెలిసేది ఈ అమ్మకంలోనే. వేలంలో ధర పౌండుకింత అని పలుకుతుంది కానీ బరువు పెరిగేకొద్దీ పౌండు ధర తగ్గుతుంది. ఉదాహరణకు 500 పౌండ్ల దూడకు పౌండు 4 డాలర్లయితే 2,000 డాలర్లు. అదే దూడ 600 పౌండ్లయి, ధర 3.60కి దిగితే 2,160. అంటే అదనంగా పెరిగిన వంద పౌండ్లకు వచ్చింది 160 డాలర్లే. ఆ వంద పౌండ్లు పెంచడానికి మేత ఖర్చు 160 లోపు ఉంటే ఇంకో నెలన్నర ఉంచొచ్చు, దాటితే ఇవాళే అమ్మాలి. ఈ లెక్క ప్రతి రైతూ కొట్టం గోడ మీద రాసుకోదగ్గది.

ఇంకొక సంగతి ఉంది. కొనేవాడికి లారీ నిండా ఒకే రంగు, ఒకే సైజు దూడలు కావాలి. 550 పౌండ్ల దూడలు ఒక లారీకి తొంభై దాకా పడతాయి. నలభై ఆవుల రైతు దగ్గర అన్ని దూడలుండవు. అందుకే వేలం కేంద్రంలో నాలుగైదు మందల దూడల్ని ఏరి ఒక జట్టుగా కట్టి అమ్ముతారు. చిన్న రైతుకు పెద్ద రైతు ధర అందే దారి ఇది.

ఇంత చేసినా ధర అతని చేతిలో లేదు. దేశంలో కబేళాకు వెళ్లే పశువుల్లో మూడింట రెండు వంతులకు పైగా రెండు చోట్లకే చేరతాయి, హై రివర్‌లో కార్గిల్, బ్రూక్స్‌లో జేబీఎస్. 2020 ఏప్రిల్‌లో హై రివర్ కార్మికులు వందల సంఖ్యలో కరోనా బారిన పడి ఆ ఒక్క ప్లాంటు రెండు వారాలు మూతపడేసరికి, బలిసిన పశువులు క్షేత్రాల్లోనే నిలిచిపోయాయి. బ్రూక్స్ యజమాని జేబీఎస్ బ్రెజిల్ సంస్థ. బ్రెజిల్ మాంసపు మందల్లో సింహభాగం నెలోర్ జాతి, అంటే మన ఒంగోలు గిత్త సంతతి. పేరు మన నెల్లూరుదే. ఒంగోలు పుట్టిన గడ్డ మీద ఆ జాతి తరిగిపోతుంటే, దాని వారసుల మీద పెరిగిన వ్యాపారం కెనడా దాకా వెళ్లి దూడ ధరను శాసిస్తోంది. ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది.

2003 మే 20ని అల్బర్టా రైతులెవరూ మరచిపోరు. ఒక్క ఆవులో పిచ్చి ఆవు వ్యాధి తేలింది. ఆ రోజే అమెరికా సరిహద్దు మూసింది. సగం సరుకు ఎగుమతి మీద బతికే వ్యాపారం అది. బలిసిన పశువుల ధర రెండు నెలల్లో దాదాపు మూడో వంతుకు పడిపోయింది. ప్రాణమున్న పడుచు పశువులు మళ్లీ సరిహద్దు దాటింది 2005 జులైలో. ఆ కష్టకాలంలో కెనడా జనం బీఫ్ తినడం మానలేదు, పైగా ఎక్కువ కొన్నారు. అప్పటికే ప్రతి దూడ చెవికీ నంబరున్న పోగు తప్పనిసరి. ఇప్పుడా నంబరు 124తో మొదలై పదిహేను అంకెలు. ఏ దూడ ఏ మందదో అది చెబుతుంది.

ఇలాంటి దెబ్బలకు కాపుగా 2014 నుంచి పశ్చిమ రాష్ట్రాల్లో ధర బీమా ఉంది. వసంతంలోనే ప్రీమియం కట్టి, అక్టోబరు ధరకు ఒక కనీస మట్టం ఖాయం చేసుకోవచ్చు. మార్కెట్ అంతకన్నా పడితే తేడా చేతికొస్తుంది. మన మిర్చికీ పొగాకుకూ ఇలాంటిది కావాలని గట్టిగా అడగాల్సిన సమయమిది.

2025లో మాత్రం ధరలు ఆకాశానికెక్కాయి. కరువులకు మందలు కరిగి, 2025 జనవరి నాటి పశుసంఖ్య 1988 తర్వాత అత్యల్పం. దాంతో కొత్త తలనొప్పి వచ్చింది. ఆ అక్టోబరులో కొట్టం ముందు నిలబెట్టిన పెయ్యదూడను ఏం చేయాలి? అమ్మితే ఆ వారమే చెక్కు. ఉంచుకుంటే 2026 వేసవిలో చూడి కట్టాలి, 2027 వసంతంలో ఈనాలి, దాని దూడ అమ్మేది 2027 అక్టోబరులో. అప్పటికి ధర ఎలా ఉంటుందో, వాన ఎలా పడుతుందో. అయినా రైతు గేటు దగ్గర నిలబడి నడుము వెడల్పూ కాళ్ల తీరూ తల్లి పాలతీరూ చూసి, పదింట్లో రెండింటిని ఎడమ పక్క దొడ్లోకి మళ్లిస్తాడు. మిగతావి లారీ ఎక్కుతాయి. ఆ రాత్రీ, మర్నాటి రాత్రీ, మూడో రాత్రీ తల్లులు కంచె దగ్గర నిలబడి అరుస్తూనే ఉంటాయి. నాలుగో రోజు పొద్దున మేతకు కదులుతాయి.