పొగ చట్టానికి కొలబద్ద

అమెరికాలోని మోంటానా రాష్ట్రానికి హెలెనా రాజధాని. పేరుకే రాజధాని, చిన్న ఊరు. గుండెపోటు వస్తే ఆ చుట్టుపక్కలవాళ్లంతా చేరేది ఒకే ఆసుపత్రిలో. 2002 జూన్‌లో అక్కడి బార్లు, హోటళ్లు, పనిచేసే చోట్లలో పొగ తాగడం నిషేధించారు. ఆరు నెలలకే కోర్టు ఆ నిబంధనను ఆపేసింది. ఊరికది నష్టమే. లెక్కలు తీసేవాళ్లకు మాత్రం అడక్కుండా దొరికిన వరం. నిషేధానికి ముందు, ఉండగా, ఎత్తేశాక... మూడు దశలూ ఒకే చోట చూడొచ్చు.

మిగతా ఏళ్లలో అవే నెలల్లో సగటున 40 మంది ఊరివాళ్లు గుండెపోటుతో చేరితే, నిషేధమున్న ఆరు నెలల్లో 24 మందే చేరారు. ఊరి బయటి నుంచి వచ్చేవాళ్లలో ఈ తగ్గుదల లేదు. ‘40 శాతం తగ్గింది’ అన్న మాట ప్రపంచమంతా పాకింది. కానీ లెక్కంతా పదహారు మందిది. అంత చిన్న లెక్కలో నలుగురు అటూ ఇటూ అయితే శాతం ఎక్కడికో పోతుంది.

స్కాట్లాండ్‌వాళ్లు ముందుచూపుతో ఉన్నారు. 2006 మార్చిలో చట్టం వస్తుందనగా, అంతకు పది నెలల ముందే తొమ్మిది ఆసుపత్రుల్లో లెక్క మొదలెట్టారు. ‘నేను తాగను’ అని రోగి చెప్పిన మాటతో ఊరుకోలేదు. రక్తం తీసి, నికోటిన్ శరీరంలోకి వెళ్లాక మిగిల్చే కోటినిన్ ఎంతుందో చూశారు. గుండె కేసులు 3,235 నుంచి 2,684కు దిగాయి. అంటే 17 శాతం. అప్పటికింకా చట్టం రాని పక్కనున్న ఇంగ్లండ్‌లో తగ్గింది 4 శాతమే. స్కాట్లాండ్‌లో తగ్గిన కేసుల్లో మూడింట రెండొంతులు పొగ తాగనివాళ్లవి.

మరుసటేడు ఇంగ్లండ్ వంతు. అక్కడ దేశం మొత్తం లెక్క తీశారు. అప్పటికే తగ్గుతూ వస్తున్న ధోరణి, చలి, ఫ్లూ, క్రిస్మస్ సెలవులు... అన్నీ తీసేశాక చట్టం ఖాతాలో మిగిలింది 2.4 శాతం. నలభై కాస్తా రెండున్నరకు పడిందని పొగాకు కంపెనీలవాళ్లు చంకలు గుద్దుకోవచ్చు. నా ఓటు మాత్రం 2.4కే. ఎందుకంటే ఆ చిన్న అంకె వెనక మొదటి ఏడాదిలో ఆసుపత్రి దాకా రాని 1,200 గుండెపోట్లున్నాయి.

మన దగ్గర బహిరంగ ప్రదేశాల్లో నిషేధానికి కొత్త నిబంధనలు 2008 అక్టోబరు 2న అమల్లోకి వచ్చాయి. పెద్దల పొగాకు అలవాట్లపై తొలి జాతీయ సర్వే జరిగింది 2009-10లో! పెళ్లయ్యాక పెళ్లిచూపులన్నమాట. 2016-17లో రెండోసారి అడిగితే, ఇంట్లో పక్కవాళ్ల పొగ పీలుస్తున్నామన్నవారు 52.3 నుంచి 38.7 శాతానికి తగ్గారు. నాలుగు గోడల మధ్య ఉద్యోగం చేసేవాళ్లలో, తమ పనిచోట పొగ తప్పడం లేదన్నవారు మాత్రం 29.9 నుంచి 30.2కు చేరారు. చట్టం అడుగుపెట్టని ఇంట్లో తగ్గింది, రూ.200 జరిమానా రాసిపెట్టిన ఆఫీసులో తగ్గలేదు!

కొలవడం మనకు చేతకాకేం కాదు. చుట్ట నిప్పును నోట్లోకి తిప్పి అడ్డపొగ తాగే శ్రీకాకుళంలోనే టాటా ఇన్‌స్టిట్యూట్ బృందం మొదట జనం నోళ్లు పరీక్షించి, మానెయ్యమని నచ్చజెప్పి, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వెళ్లి చూసింది. ఎర్నాకుళం, భావ్‌నగర్ కూడా కలిపి 36,000 మంది లెక్క 1986లో లాన్సెట్ వైద్యపత్రికలో అచ్చయింది. 2008 నిబంధనలకు అది ఇరవై రెండేళ్ల ముందు మాట.