భావనపాడు చీకటిని కాపాడుకుందాం

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు తీరాన నిలబడి దక్షిణానికి తిరిగితే ఎదురుగా ఊరన్నది లేదు, సముద్రమే. మే నెల మధ్యలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో ఆ నీళ్లమీద, దిగంతానికి పన్నెండు డిగ్రీల ఎత్తులో, త్రిశంకు నక్షత్రాలు నిటారుగా నిలుస్తాయి. ఢిల్లీలో అవి నేలకు ఆనినట్టే ఉంటాయి. లండన్‌లో అసలు ఉదయించవు.

అంత కిందనున్న చుక్కలకే దీపాల బెడద ఎక్కువ. వాటి వెలుగు మన కంటికి చేరాలంటే నడినెత్తి చుక్క దాటే గాలికి నాలుగైదు రెట్ల గాలిని దాటాలి. వీధిదీపం నుంచి పైకీ పక్కలకూ పోయిన కాంతి ఆ గాలిలోని అణువులకూ దుమ్ముకూ ఉప్పు తుంపరకూ తగిలి చెదురుతుంది. నీలి కాంతి మరీ చెదురుతుంది. అందుకే తెల్లటి ఎల్‌ఈడీ దీపం పాత పసుపు సోడియం దీపం కన్నా ఆకాశాన్ని ఎక్కువ పాడుచేస్తుంది.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం 1993లోనే లేక్ హడ్సన్ అనే సరస్సు చుట్టూ ఉన్న విహారస్థలాన్ని నక్షత్ర వీక్షణ కోసం చీకటి రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. చేపలు పట్టేవాళ్లూ గుడారాలు వేసుకునేవాళ్లూ వచ్చే మామూలు చోటది. మన దేశంలో లడఖ్‌లోని హాన్లేకు 2022లో, పెంచ్ పులుల అభయారణ్యంలోని మహారాష్ట్ర భాగానికి 2024లో ఇలాంటి గుర్తింపు దక్కింది.

ఉత్తరాంధ్రకు నక్షత్ర వీక్షణ కొత్త కాదు. గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్నంలో సొంత వేధశాల కట్టించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు అక్కడి నుంచే 1874 నాటి శుక్ర సంక్రమణాన్ని పరిశీలించారు. ఇప్పుడు ఆ నగరం నడిబొడ్డున పాలపుంత కనిపించదు.

ఈ తీరానికి చీకటి అవసరం మరొకటీ ఉంది. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇక్కడి ఇసుకలో గుడ్లు పెడతాయి. అరచేతిలో ఇమిడే పిల్లలు రాత్రిపూట ఇసుక తోసుకుని పైకొచ్చి, వెలుతురుగా ఉన్న దిక్కుకు పాకుతాయి. మామూలుగా అది సముద్రమే. ఒడ్డున దీపం ఉంటే మాత్రం అటే పోయి, ఎండిపోయో కుక్కల నోట పడో చస్తాయి.

పక్కనే మూలపేట ఓడరేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. రేవన్నాక దీపాలు తప్పవు, అక్కర్లేదనేవారూ లేరు. వెలుగు నేలమీదే పడేలా పైన మూత, పసుపు రంగు కాంతి, తాబేళ్ల కాలంలో ఒడ్డువైపు దీపాల కట్టడి ఉంటే చాలు. స్తంభాలు పాతకముందే టెండరు కాగితాల్లో ఈ షరతులు రాయించమని జిల్లా అధికారులనూ పంచాయతీలనూ ఇప్పుడే అడగాలి.