గెలిచిన గుర్రానికే బరువెందుకు?

గుర్రప్పందేలంటే మనకు బెంగళూరే గుర్తొస్తుంది. కానీ వాటి మూలం ఒకటి మన తుమకూరు జిల్లాలోనే ఉంది. కుణిగల్ గుర్రాల ఫారం టిప్పు సుల్తాన్ కాలం నాటిది. ఒకప్పుడు సైన్యానికి గుర్రాలను ఇచ్చిన ఆ నేల, తర్వాత పందెపు గుర్రాలకు పేరు తెచ్చుకుంది.

మన దేశంలో ఈ పందేలు దాదాపు నాలుగు గోడల మధ్య ఆట. పరుగెత్తే గుర్రాల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుట్టినవి. పూణేలోని స్టడ్ బుక్‌లో వంశం నమోదై ఉండాలి. ఏ నెలలో పుట్టినా అన్నిటికీ జనవరి 1నే ఒక ఏడు పెరుగుతుంది. అవే గుర్రాలు బెంగళూరు, మైసూరు, హైదరాబాదు మలక్‌పేటల్లో మళ్లీ మళ్లీ ఎదురుపడతాయి.

అప్పుడు బలమైనదే ప్రతిసారీ గెలవదా? అందుకే హ్యాండికాప్ పద్ధతి పెట్టారు. ప్రతి గుర్రానికీ రేటింగ్ ఇస్తారు. గెలిస్తే అది పెరుగుతుంది, వరుసగా ఓడితే తగ్గుతుంది. 20 నుంచి 45, 40 నుంచి 65 ఇలా తరగతులు కట్టి, దగ్గర దగ్గర రేటింగ్ ఉన్నవాటిని ఒకే పందెంలో పెడతారు. ఒక్కో పాయింటుకు అర కిలో లెక్క. 60 రేటింగ్ గుర్రం 60 కిలోలు మోస్తే, 40 రేటింగ్‌ది 50 కిలోలే మోస్తుంది. జాకీ తక్కువ బరువుంటే జీనులో సీసపు బిళ్లలు పెడతారు. పందెం ముందూ తర్వాతా తూకం వేస్తారు. పేర్లు ఎక్కువైతే పందేన్ని రెండు భాగాలు చేస్తారు. గేటు చీటీలో వస్తుంది.

వందల గుర్రాలు ఒకేచోట ఉండటంలో ప్రమాదమూ ఉంది. గ్లాండర్స్ రోగం ఒకదానికి వస్తే మిగతావాటికీ, వాటిని చూసుకునే సైసులకూ అంటవచ్చు. అందుకే రోగం తేలిన చోట గుర్రాల రాకపోకలు ఆపి, రక్త పరీక్షలు చేస్తారు.

ఇక మన ఇళ్ల సంగతి. గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. నిజమే, కానీ ఆ నైపుణ్యం గుర్రానిది, జాకీది, ఏళ్ల తరబడి లెక్కలు చూసేవారిది. అన్ని గుర్రాలూ ఒకేసారి గీత దాటాలన్నదే బరువులు వేసేవారి ఉద్దేశం. మరి "ఈ గుర్రం ఖాయం" అని చెవిలో చెప్పేవాడికి ఏం తెలుసు? పైగా పందెం కాసే డబ్బు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాదు, 40 శాతం.

గుర్రాన్ని చూసి ముచ్చటపడదాం. శెనక్కాయలమ్మిన డబ్బు మాత్రం ఇంట్లోనే ఉండనిద్దాం.