కొల్లేరు: యాప్‌కి తెలియనిది నాన్నకి తెలుసు

దీపావళి వెళ్లిపోయినా మా ఇంట్లో టపాకాయలు అయిపోవు. అవి పండక్కి కొన్నవి కావు, పక్షులకి కొన్నవి. కైకలూరు దగ్గర, అభయారణ్యం హద్దుకి బయట నాన్నకి చేపల చెరువు ఉంది. శీలావతి, బొచ్చె పెంచుతారు. గూడబాతులో నీటికాకులో దిగాయంటే చాలు.. ఢాం!

నేనేమో హైదరాబాద్‌లో కోడ్ రాసుకుంటూ, వీకెండ్ వస్తే మెడలో బైనాక్యులర్స్ వేసుకుని తిరిగే రకం. ఇంట్లో గొడవ ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

మొన్న కార్తీక మాసంలో నాలుగు రోజులు వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టి ఊరెళ్లా. మొదట వెళ్లింది ఆటపాక పక్షుల కేంద్రానికే. బోటెక్కితే చెట్ల మీదా, ఇనుప స్టాండ్ల మీదా గూడబాతుల గూళ్లు. గూడబాతు ముక్కు కింద సంచి ఉంటుంది కదా, అది చేపలు దాచుకునే టిఫిన్ బాక్స్ కాదు, వల. చేపతో పాటు నీళ్లనీ తోడేసి, నీళ్లు వదిలేసి చేపని మింగుతుంది. ఎర్రకాళ్ల కొంగలు, లకుముకి పిట్ట, ఉత్తరాది చలి దేశాల నుంచి వచ్చిన సూదితోక బాతులు.. గంటలో నా ఈబర్డ్ లిస్టు 23కి చేరింది. 2002లోనే రామ్‌సర్ గుర్తింపు వచ్చిన సరస్సు మరి!

సాయంత్రం మా చెరువు గట్టు మీద కూర్చుంటే నెత్తి మీద వందల తూనీగలు. ఫొటో తీసి యాప్‌లో పెడితే ‘వాండరింగ్ గ్లైడర్’ అంది. రెండంగుళాలైనా ఉండని ఈ పురుగులు మన దేశం నుంచి హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా వెళ్తాయని చార్లెస్ ఆండర్సన్ అనే శాస్త్రవేత్త 2009లో ప్రతిపాదించారు. మంచినీటి చెరువులు పెద్దగా లేని మాల్దీవుల్లో ఏటా అక్టోబరుకల్లా ఇన్ని తూనీగలు ఎక్కడివా అన్నదే ఆయనకొచ్చిన డౌటు. వెళ్లిన తూనీగే తిరిగిరాదు, దాని తర్వాతి తరాలు వస్తాయి. చిన్నప్పుడు నేను తోకకి దారం కట్టి ఎగరేసింది వీటినేనేమో! ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే నాన్న చేతిలో టపాకాయలు. చెరువులో ఓ పక్క నత్తగుల్ల కొంగలు దిగాయి. ఆయన కదల్లేదు.

“వాటికి కాల్చవా నాన్నా?”

“అవి నత్తల్ని తింటాయిరా, చేప జోలికి రావు. పాపం వాటికెందుకు?”

నాకు నోట మాట రాలేదు. ఆ కొంగ ముక్కు మధ్యలో సందు ఉంటుందనీ, నత్తని పట్టడానికి అది పనికొస్తుందనీ నేను చదివి తెలుసుకున్నా. నాన్న చూసి తెలుసుకున్నారు. గూడబాతులు ఏ మూల దిగుతాయో, ఏ టైముకి లేస్తాయో, ఏ ఏడు బాతులు తక్కువొచ్చాయో అన్నీ ఆయనకి గుర్తే. ఇన్నేళ్ల డేటా, ఏ యాప్‌లోనూ లేదు!

“పైన వల కట్టిద్దాం” అన్నా. “ఖర్చెవడిస్తాడు? కొంగ అందులో చిక్కితే ఎవడు తీస్తాడు? నీకు ఫొటో, నాకు నష్టం” అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన, ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతాయి. రెండోదానికి ఫోనూ, పావుగంట టైమూ చాలు. మీరూ చేయండి. కాకపోతే పక్కన ఆ ఊరి రైతునో, జాలరినో కూర్చోబెట్టుకోండి.

నేను అదే చేశా. “గూడబాతులు తొమ్మిది” అని టైప్ చేస్తుంటే, “పదకొండు. గట్టు చాటున రెండున్నాయి చూడు” అన్నారు నాన్న. లేచి చూశా. నిజమే. లెక్క పూర్తయ్యేదాకా అగ్గిపెట్టె జేబులోంచి తీయలేదాయన.

“అయిందా?”

“అయింది నాన్నా.”

ఢాం!