పక్కింటి ఆవు రాత్రిళ్లు ఎందుకు అరుస్తుంది?

తిరుపతి శివార్లలో కొత్తగా ఇల్లు కట్టుకున్నాం. గోడ పక్కనే రెండు జెర్సీ ఆవులున్న కొట్టం. కొన్ని రాత్రులు ఒక ఆవు తెల్లారేదాకా అరుస్తూనే ఉంటుంది. ఎందుకు? గొడవ పడకుండా దీన్ని తగ్గించుకోవడం ఎలా?

కడుపు నిండిన ఆవు పడుకుని నెమరు వేసుకుంటుంది. రాత్రంతా అరిచిందంటే దానికి ఏదో కావాలి. అదేమిటో కనుక్కోవడమే మీ నిద్రకు దగ్గరి దారి.

తిరుపతి, చిత్తూరు పల్లెల్లో ఇళ్ల మధ్యే కొట్టాలుండటం మామూలే. వాన తప్పి చెనిక్కాయ పంట చేతికి రాని ఏళ్లలో చాలా ఇళ్లను నిలబెట్టింది పాల డబ్బే. ఆ పాల కోసమే పుంగనూరు పొట్టి ఆవులు తగ్గి, జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాలు పెరిగాయి. మందతో బయటికెళ్లి మేసి రావాల్సిన పశువు ఇప్పుడు రోజంతా గుంజకే కట్టుబడి ఉంటోంది. తోటి పశువు కనిపించకపోయినా పిలుస్తుంది.

మీరు ‘కొన్ని రాత్రులు’ అన్నారు కాబట్టి మొదటి అనుమానం ఎద మీదే. చూలు కట్టని ఆవు సుమారు 21 రోజులకోసారి ఎదకొస్తుంది. ఆ కొద్ది గంటలూ అది మేత సరిగా ముట్టదు, పలుపు తెంచుకునేలా తిరుగుతుంది, పక్కావు మీదికి ఎక్కబోతుంది, వెనక నుంచి గాజులా తేటగా ఉన్న జిగురు తీగ జారుతుంది, ఆపకుండా అరుస్తుంది. గేదెల్లో ఇది చాలాసార్లు మూగ ఎదగా పోతుంది, ఆవు మాత్రం ఊరికి వినిపిస్తుంది. ఎద లక్షణాలు ఎక్కువగా బయటపడేది రాత్రి, తెల్లవారుజామున. పగలంతా కష్టపడి నిద్రపోయే రైతుకు తెలియకుండానే అది దాటిపోవచ్చు. దాటితే ఇంకో మూడు వారాలు ఆగాలి. చూలు వెనకబడితే ఈతా, పాడీ వెనకబడతాయి, మేత ఖర్చు మాత్రం ఆగదు.

అందుకే అరిచిన రాత్రి తేదీని క్యాలెండర్‌లో రాసిపెట్టండి. మూడు వారాలకు మళ్లీ అరిస్తే, ‘అన్నా, రాత్రి ఆవు ఎదకొచ్చినట్టుంది, పోయిన నెల ఫలానా తేదీన కూడా ఇట్లే అరిచింది’ అని చెప్పండి. ఫిర్యాదుగా వినపడాల్సిన మాట ఆయనకు పనికొచ్చే కబురవుతుంది. పొద్దున గమనిస్తే సాయంత్రం, సాయంత్రం గమనిస్తే మరుసటి ఉదయం సూది (కృత్రిమ గర్భధారణ) వేయించడం వాడుక. చూలు నిలిస్తే ఆ అరుపు మామూలుగా నెలల పాటు ఉండదు. సూది వేయించినా మళ్లీ మళ్లీ ఎదకొస్తుంటే పశువైద్యుడికి చూపించాలి.

దూడను విడదీసినా, అమ్మినా తల్లి రెండు మూడు రోజులు అరుస్తుంది. ఓర్చుకోవాల్సిందే.

రోజూ అరుస్తుంటే మేత, నీళ్లు చూడాలి. వేసవిలో పాడి ఆవు రోజుకు 60 లీటర్లు దాటి కూడా తాగగలదు. సాయంత్రం ఒక్క బకెట్ కుడితితో సరిపెడితే అర్ధరాత్రికి దప్పికవుతుంది. తొట్టిలో రాత్రంతా నీళ్లుండేలా, పడుకోబోయే ముందు ఎండుగడ్డి వేసేలా అడగండి. ఈ రెండూ పెద్ద ఖర్చు లేని పనులే. తెల్లవారుజామున క్యాన్ల చప్పుడు మాత్రం తప్పదు, వేళకు పాలు కేంద్రానికి చేరాలి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 2000 నాటి ధ్వని కాలుష్య నియమాలు నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ పరిమితి పెట్టాయి. కానీ పశువు నోటికి నోటీసు అంటించలేం. పేడ, మురుగు మీ గడపలోకి వస్తే పంచాయతీకి వెళ్లండి, అరుపు విషయం గోడ దగ్గరే మాట్లాడుకోండి.

ఒక్క అరుపును మాత్రం తేలిగ్గా తీసుకోకండి. గొంతు బొంగురుపోయి, చొంగ కారుస్తూ, మింగలేక, రాత్రీ పగలూ అరుస్తుంటే అది రేబిస్ కావచ్చు. గొంతులో ఏదో ఇరుక్కుందని నోట్లో చెయ్యి పెట్టనివ్వకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి, వెంటనే 1962కు గానీ పశువుల ఆసుపత్రికి గానీ ఫోన్ చేయించండి. చొంగ తగిలినవాళ్లు సబ్బుతో బాగా కడుక్కుని, ఆలస్యం చేయకుండా ప్రభుత్వాసుపత్రిలో చూపించుకోవాలి.